తడి చెయ్యి తగలని డ్రైవ్

విజయవాడ గవర్నర్‌పేటలో నేను తరచూ వెళ్ళే కంప్యూటర్ దుకాణంలో పోయిన వేసవిలో ఒక ప్రదర్శన చూశాను. అండమాన్ వెళ్తున్నామని, సముద్రం అడుగున ఫొటోలు తీస్తామని, నీళ్ళకు పాడవని హార్డ్ డిస్క్ కావాలని ఒక కుర్రాడు అడిగాడు. దుకాణదారుడు ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. రబ్బరు తొడుగున్న ఒక డ్రైవ్‌ను అందులో నిలువునా ముంచాడు. అర నిమిషం ఆగి బయటికి తీసి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, కంప్యూటర్‌కు తగిలించాడు. తెర మీద ఫోల్డర్ తెరుచుకుంది. “చూశారా అండీ, ఇక సముద్రంలో వేసినా భయం లేదు” అన్నాడు. కుర్రాడు అక్కడికక్కడే డబ్బు కట్టేశాడు.

ఆ గ్లాసులో ఉన్నవి కృష్ణా నీళ్ళు. అతను వెళ్ళేది బంగాళాఖాతం ఆవలికి. లీటరు సముద్రపు నీటిలో సుమారుగా 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన కుళాయిలో వచ్చే నీటికంటే అది వంద రెట్లు, ఒక్కోసారి అంతకు మించి, తేలికగా విద్యుత్తును మోస్తుంది. దుకాణదారుడు అబద్ధమాడలేదు. కుర్రాడికి అక్కరలేని ప్రశ్నకు నిజాయితీగా జవాబిచ్చాడు, అంతే.

నేను పొట్టకూటికి చేసే పని వేరు. ఏడాదికి ఒకసారి, సెలవు దొరికితే రెండుసార్లు, కెమెరా పట్టుకుని సముద్రంలోకి దిగుతాను. ఆ పిచ్చి వల్ల డ్రైవ్‌ల మీద కొంత డబ్బు, కొన్ని ఫొటోలు పోగొట్టుకుని తెలుసుకున్న సంగతులు ఇవి.

నీళ్ళలోకి దిగేది డ్రైవ్ కాదు

మీరు కొనబోయే డ్రైవ్ సముద్రంలోకి దిగదు. దిగేది కెమెరా, దాని చుట్టూ ఉండే హౌసింగ్ అనే నీరు చొరని పెట్టె. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. డైవింగ్‌లో తొలి మెట్టు శిక్షణ పొందినవారు దిగే 18 మీటర్ల దగ్గర, ఒడ్డున ఉన్నదానికి దాదాపు మూడు రెట్ల ఒత్తిడి ఉంటుంది. దాన్ని ఆపే బాధ్యత హౌసింగ్‌ది, దాని మూతలో ఉండే ఓ-రింగ్ అనే సన్నటి రబ్బరు చుట్టది. ఆ రింగు మీద ఒక్క వెంట్రుక అడ్డం పడితే చాలు, కెమెరా మునిగిపోతుంది. ఆ సమయంలో డ్రైవ్ ఎక్కడ ఉంటుంది? బస చేసిన గదిలో, లేదంటే పడవలో సంచి అడుగున. అందుకే ఎన్ని మీటర్ల లోతు తట్టుకుంటుందని డ్రైవ్ గురించి అడగడం, వంటింట్లో ఉండే మిక్సీకి ఎంత మైలేజీ వస్తుందని అడిగినట్టే.

మరి గట్టి డ్రైవ్ ఎందుకు? ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో చూస్తే తెలుస్తుంది. గన్నవరంలో విమానం ఎక్కి, చెన్నైలో మారి శ్రీవిజయపురంలో దిగుతారు. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరు నుంచి ఇదే పేరు. విజయవాడ వాళ్ళం కాబట్టి పేరు కలిసిందని మేము సంబరపడ్డాం. అక్కడి నుంచి హావెలాక్, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌కు ఫెర్రీ. తెల్లవారి జెట్టీ దగ్గర సంచి చేతులు మారి పడవలోకి వెళ్తుంది. పడవ వేగం అందుకోగానే తుంపర లేస్తుంది. మొదటి డైవ్ అయ్యాక నలుగురు తడి మనుషులు ఒకే బల్ల చుట్టూ చేరతారు. ఒకరి వెట్‌సూట్ నుంచి నీళ్ళు కారి మరొకరి సంచిలోకి పోతాయి. ఎవరో కూర్చోవడానికని ఆ సంచినే పక్కకు నెడతారు. ఆ తరువాత ఎండ, ఇసుక, ఏసీ గది. డ్రైవ్‌కు ఎదురయ్యే శత్రువులు ఇవే: తుంపర, తడి చేతులు, జారిపడటం, వేడి, పదార్థాలను తినేసే ఉప్పు. లోతు వీటిలో లేదు.

ఐపీ 65 ఎక్కువా, ఐపీ 67 ఎక్కువా?

డబ్బా మీద ఐపీ అని రాసి పక్కన రెండంకెలు వేస్తారు. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ వారి 60529 ప్రమాణం నుంచి వచ్చిన గుర్తు అది. మొదటి అంకె దుమ్ము, ఇసుక వంటి ఘనపదార్థాల గురించి. అది 6 వరకు వెళ్తుంది. 6 అంటే దుమ్ము బొత్తిగా చొరబడదు, 5 అంటే కొంచెం చొరబడినా పని ఆగదు. రెండో అంకె నీటి గురించి. అందరూ తికమకపడేది దీని దగ్గరే.

రెండో అంకె 5 అయితే, 6.3 మిల్లీమీటర్ల నాజిల్ నుంచి నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున అన్ని వైపుల నుంచీ నీళ్ళు చిమ్మి పరీక్షించారని అర్థం. మొక్కలకు పైపుతో నీళ్ళు పట్టినట్టు అనుకోండి. 7 అయితే, ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచారని. 8 అయితే, అంతకంటే కఠినంగా ముంచారని; ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే నిర్ణయించి చెబుతుంది. కాబట్టి 8 కనిపిస్తే దాని పక్కన మీటర్లు, నిమిషాలు కూడా రాశారో లేదో వెతకాలి. లేకపోతే ఆ 8కి పెద్ద అర్థం లేదు.

అసలు మెలిక ఇంకొకటుంది. 1 నుంచి 6 వరకు ఈ అంకెలు మెట్ల వంటివి. పై మెట్టు ఎక్కినది కింది మెట్లన్నీ ఎక్కినట్టే. 7 దగ్గర మెట్లు తెగిపోతాయి. ఐపీ 67 ఉన్న వస్తువు నిశ్చలమైన నీటిలో మునిగి బతికింది, నిజమే. వేగంగా చిమ్మే నీటిని కూడా తట్టుకుంటుందని మాత్రం ఆ అంకె హామీ ఇవ్వదు. రెండూ తట్టుకుంటే రెండు అంకెలూ విడివిడిగా వేయాలి. ఇప్పుడు పడవను గుర్తు చేసుకోండి. అక్కడ డ్రైవ్ మీద పడేది ఎక్కువగా తుంపరే. పైగా డైవ్ తరువాత వస్తువులన్నీ పైపు పెట్టి కడుగుతుంటారు. ఆ లెక్కన ఐపీ 65 మన పనికి తక్కువదేమీ కాదు. జెట్టీ పక్కన నీళ్ళలో పడిపోతే పైకి తీయగలిగే అవకాశం ఉన్నచోట ఐపీ 67 అక్కరకొస్తుంది. నేనైతే ఈ రెండింటి మధ్య తేడా కోసం ఎక్కువ డబ్బు పెట్టను.

ఈ పరీక్షలన్నీ మంచినీటితోనే చేస్తారు. ఉప్పునీరు అందులో లేదు. కేబుల్ గుచ్చి ఉండగా, లోపల కరెంటు ప్రవహిస్తుండగా తడిస్తే ఏమవుతుందో కూడా ఆ అంకెలు చెప్పవు. గ్లాసులో ముంచిన డ్రైవ్ ఆ రోజు బతికిపోవడానికి కారణం నీళ్ళు మంచివి కావడమే. తుడిచింది బయటి రబ్బరును. రంధ్రంలోకి తువ్వాలు వెళ్ళదు కదా.

పచ్చబడిన పిన్నులు

నాలుగేళ్ళ కిందటి మాట. హావెలాక్‌లో రెండు డైవ్‌ల మధ్య విరామంలో ఆగలేక, పడవ మీదే ఫొటోలు ఎక్కించాలని కూర్చున్నాను. ఒక తాబేలు నా ముందు నుంచే ఈదుకుంటూ పోయింది, అది ఫోకస్‌లో పడిందో లేదో చూడాలని ఆత్రం. చేతులు తుడుచుకున్నాననే అనుకున్నాను. ఫోనుకు డ్రైవ్ తగిలించాను. కాపీ సగంలో ఆగింది. తీసి మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఆగింది. ఊదాను. నోటి తేమ కూడా తోడైంది. సాయంత్రం గదిలో దీపం కింద చూస్తే కేబుల్ మొనలో, లోపలి పిన్నుల అంచున, పాత ఇత్తడి చెంబుకు పట్టే చిలుమువంటి పచ్చటి పొర. ఒక్క పూటలో.

యూఎస్‌బీ-సి రంధ్రంలో 24 పిన్నులుంటాయి. పక్కపక్క పిన్నుల మధ్య దూరం అర మిల్లీమీటరు. వాటిలో కొన్నింట్లో 5 వోల్టుల కరెంటు ఉంటుంది. ఆ అర మిల్లీమీటరు మధ్యలో ఒక ఉప్పునీటి బొట్టు నిలిస్తే బడిలో చేసిన విద్యుద్విశ్లేషణ ప్రయోగమే అక్కడ మొదలవుతుంది. పిన్ను మీది సన్నటి బంగారు పూత కింద ఉన్న లోహం కరిగి, రాగి లవణాలై పచ్చగా పేరుకుంటుంది. కరెంటు లేకుండా తడిస్తే ఇదే పని రోజులు పడుతుంది. కరెంటు ఉంటే నిమిషాలు. డ్రైవ్‌కు ఎంత రబ్బరు తొడిగినా, కంపెనీ ఎన్ని అంకెలు వేసినా, ఈ ఒక్క రంధ్రం తెరిచే ఉంటుంది. కొన్నింటికి మూత ఇస్తారు. ఆ మూత పని చేసేది కేబుల్ పెట్టనప్పుడే.

మన ఇళ్ళలో ఆవకాయ జాడీకి ఒక నియమం ఉంది. జాడీలోకి తడి చెయ్యి పోకూడదు, తడి గరిటె పోకూడదు. జాడీ ఎంత మంచి పింగాణీదైనా ఈ నియమం మారదు. డ్రైవ్‌కూ అంతే. పడవ మీద డ్రైవ్‌ను బయటికి తీయకపోవడం ఏ ఐపీ అంకెకంటే గట్టి రక్షణ. ఆ రోజు తాబేలు ఫోకస్‌లో ఉందో లేదో సాయంత్రం చూసినా అలాగే ఉండేది. (లేదు. తోక ఒక్కటే స్పష్టంగా వచ్చింది.)

పొరపాటున ఉప్పునీరు తగిలిందే అనుకుందాం. మొదటి పని, కేబుల్ పీకేయడం. రెండోది, మళ్ళీ పెట్టి పనిచేస్తుందో లేదో చూడాలన్న కోరికను అణచుకోవడం. ముంపుకు హామీ ఉన్న డ్రైవ్ అయితే రంధ్రాన్ని మంచినీటితో, వీలైతే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, రంధ్రం కిందికి వచ్చేలా నిలబెట్టి, ఫ్యాను గాలికి ఒకటి రెండు రోజులు ఆరబెట్టాలి. బియ్యం డబ్బాలో పెట్టమని సలహా ఇచ్చేవారుంటారు. బియ్యంలోని తవుడు రంధ్రంలోకి పోవడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు. హౌసింగ్ మునిగి కెమెరా పోయినా, అందులోని మెమరీ కార్డు చాలాసార్లు బతికే ఉంటుంది. దానికీ ఇదే వైద్యం: మంచినీటి స్నానం, బాగా ఆరడం, ఆ తరువాతే రీడర్‌లో పెట్టడం.

తేమ మరో దారిలో కూడా వస్తుంది. గదిలో ఏసీ 22 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. బయట 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం. ఆ గాలిలోని ఆవిరి సుమారు 26 డిగ్రీలకంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరై పేరుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు, రాత్రంతా ఏసీలో ఉన్న డ్రైవ్‌ను వరండాలోకి తెచ్చి తగిలిస్తే దాని పిన్నులకూ చెమట పడుతుంది. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్లకు ఇది కొత్త కాదు. ఏసీ కల్యాణమండపంలోంచి బయటికి రాగానే లెన్సు మంచు పట్టినట్టు అయిపోవడం వాళ్ళకు తెలుసు. జిప్ సంచిలో ఉంచే బయటికి తెచ్చి, అరగంట ఆగి తెరిస్తే ఆ బెడద ఉండదు.

పళ్ళెమా, చిప్పా

హార్డ్ డిస్క్‌లో పళ్ళెం గిర్రున తిరుగుతుంటుంది. దాని మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో, అంటే తల వెంట్రుక మందంలో వేల వంతు ఎడంలో, చదివే మొన గాలి మీద తేలుతూ ఉంటుంది. పనిచేస్తుండగా బల్ల మీద నుంచి పడితే మొన పళ్ళేన్ని గీకుతుంది. గీకినచోట ఉన్న ఫొటోలు పోతాయి. మామూలు హార్డ్ డిస్క్‌కు గాలి పీల్చే చిన్న రంధ్రం కూడా ఉంటుంది, దాన్ని మూయవద్దని పక్కనే రాసి ఉంటుంది. ఆ గాలిలోని తేమ సంగతి వేరే చెప్పాలా? ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అంతా చిప్పుల మీద జరుగుతుంది. కాబట్టి ప్రయాణానికి ఎస్‌ఎస్‌డీయే. నారింజ రంగు రబ్బరు తొడిగిన హార్డ్ డిస్క్‌లు చూడముచ్చటగా ఉంటాయి, చవగ్గా ఎక్కువ చోటూ ఇస్తాయి. అవి ఇంట్లో బల్ల మీద కదలకుండా ఉండటానికి బాగుంటాయి.

కింద పడినా తట్టుకునే ఎత్తు గురించి ఒక్క మాట. శామ్‌సంగ్ టీ7 షీల్డ్ 3 మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకుంటుందని, ఐపీ 65 అని కంపెనీ చెబుతుంది. బరువు వంద గ్రాముల లోపే. లాసీ రగ్గడ్ ఎస్‌ఎస్‌డీకి ఐపీ 67. క్రూషియల్ ఎక్స్9 ప్రోకు ఐపీ 55. మనిషి చేతిలోంచి, బల్ల మీద నుంచి జారేది ఒక మీటరు, మీటరున్నర. ఇవన్నీ ఆ హద్దు దాటినవే. కారు ఎక్కించినా పగలదన్న ప్రకటన చూసి మురిసిపోనక్కర్లేదు. సముద్రం మీద కార్లు తిరగవు.

వేగం దగ్గర దుకాణాలు మనల్ని ఆడిస్తాయి. సెకనుకు 1,050 ఎంబీ అని ఒకటి, 2,000 ఎంబీ అని ఇంకొకటి. కాలువ ఎంత వెడల్పు తవ్వినా తూము సన్నగా ఉంటే పొలానికి చేరే నీళ్ళు తూముకు సరిపడానే. మన ఫొటోలకు తూము మెమరీ కార్డు. మామూలు యూహెచ్‌ఎస్-1 రకం ఎస్‌డీ కార్డు ప్రమాణం ప్రకారం సెకనుకు 104 ఎంబీ దాటదు. 128 జీబీ కార్డు నిండా ఉంటే, సెకనుకు 90 ఎంబీ చొప్పున ఖాళీ కావడానికి సుమారు 24 నిమిషాలు. మీ డ్రైవ్ వేగం వెయ్యి అయినా, రెండు వేలయినా ఆ 24 నిమిషాలు 24 నిమిషాలే. యూహెచ్‌ఎస్-2 కార్డు, దానికి తగిన రీడర్ ఉంటే హద్దు 312 ఎంబీకి పెరుగుతుంది. అదీ వెయ్యిలో మూడో వంతే. పైగా 2,000 ఎంబీ వేగం రావాలంటే ల్యాప్‌టాప్‌లో దానికి తగిన 20 గిగాబిట్ల యూఎస్‌బీ పోర్టు ఉండాలి. అది లేని ల్యాప్‌టాప్‌లే ఎక్కువ. అక్కడ ఆ ఖరీదైన డ్రైవ్ కూడా తన తమ్ముడిలాగే వెయ్యి దగ్గర ఆగుతుంది.

చౌక ఎస్‌ఎస్‌డీలతో మరో చిక్కు: డబ్బా మీద రాసిన వేగం మొదటి కొన్ని పదుల జీబీల వరకే. రాసేది ముందుగా చేరే తాత్కాలిక అర ఒకటి అందులో ఉంటుంది. అది నిండాక వేగం పడిపోతుంది, వేడెక్కితే ఇంకా పడిపోతుంది. కార్డు నుంచి ఎక్కించేటప్పుడు ఇది పెద్దగా తెలియదు, ఎందుకంటే తూమే సన్నం. ఒక డ్రైవ్ నుంచి మరో డ్రైవ్‌కు మొత్తం ప్రయాణాన్ని ఒకేసారి ఎక్కించేటప్పుడు తెలుస్తుంది.

మరి ఎంత చోటు కావాలి? లెక్క వేసుకుంటే 4 టీబీ మీద మోజు తగ్గుతుంది. నీటి అడుగున 45 నిమిషాలుంటే, అందులో నేను వీడియో తీసేది మహా అయితే 20 నిమిషాలు. సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియో 20 నిమిషాలకు 15 జీబీ. కెమెరా మార్పుచేర్పులు చేయకుండా దాచే ‘రా’ (RAW) ఫొటోలు, ఒక్కొక్కటి 30 ఎంబీ చొప్పున, నూట యాభై అయితే 4.5 జీబీ. అంటే డైవ్‌కు 20 జీబీ. నాలుగైదు రోజుల్లో పది డైవ్‌లు చేస్తే 200 జీబీ. 1 టీబీ డ్రైవ్‌లో, విండోస్ దాన్ని 931 జీబీగా చూపించినా, ఇలాంటి ప్రయాణాలు నాలుగు పడతాయి. సెకనుకు 400 మెగాబిట్ల వీడియో తీసే కెమెరా ఉన్నవారి లెక్క వేరు. వారికి గంటకు 180 జీబీ. వారు 2 టీబీ తీసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో 16 టీబీ ఎస్‌ఎస్‌డీ అని కారుచౌకగా కనిపించేవాటి జోలికి మాత్రం పోవద్దు. అలాంటి డబ్బాలు విప్పి చూస్తే లోపల జిగురుతో అంటించిన మైక్రోఎస్‌డీ కార్డు బయటపడిన సందర్భాలున్నాయి. అది 16 టీబీ ఉన్నట్టు కంప్యూటర్‌కు చెబుతుంది, నిండాక పాత ఫైళ్ళ మీదే కొత్తవి రాస్తుంది. కొత్త డ్రైవ్ ఏదైనా ప్రయాణానికి వారం ముందే కొని, ఎఫ్3 వంటి ఉచిత ప్రోగ్రామ్‌తో అంచు దాకా ఒకసారి నింపి చూడటం మంచిది.

విండోస్, మ్యాక్, ఫోను మూడింట్లోనూ రాయాలంటే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకోవాలి. దానికొక బలహీనత ఉంది: రాస్తుండగా కేబుల్ ఊడితే కోలుకునే ఏర్పాటు తక్కువ. కాపీ అయ్యాక పద్ధతిగా ఎజెక్ట్ చేసి తీయడం అందుకే. కేబుల్ పొట్టిది, ఒకటి కాదు, రెండు వెంట ఉండాలి. నేను చూసినంతలో దీవుల్లో డ్రైవ్ పాడైందని వాపోయినవారిలో సగం మందికి పాడైంది కేబులే.

ఒక గట్టిదా, రెండు మామూలువా

ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. ఐపీ 68, ఉక్కు కవచం, పెద్ద పేరు ఉన్న ఒక 2 టీబీ డ్రైవ్‌కు పెట్టే డబ్బుతో రెండు మామూలు 1 టీబీ ఎస్‌ఎస్‌డీలు వస్తే, రెండే తీసుకోండి. వేర్వేరు కంపెనీలవి తీసుకోండి. 2023లో శాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్ ప్రో పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలలో కొన్ని పనిచేస్తూ పనిచేస్తూ కంప్యూటర్ నుంచి తెగిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. అప్పటి మాతృసంస్థ వెస్టర్న్ డిజిటల్ ఫర్మ్‌వేర్‌కు, అంటే డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్‌కు, సవరణ విడుదల చేసింది. నీళ్ళకు, దెబ్బకు తట్టుకునేలా చేసిన రకమే అది. లోపం వచ్చింది లోపలి నుంచి. ఒకే కంపెనీ డ్రైవ్‌లు రెండు ఉన్నవారికి రెండూ ఒకే జబ్బుతో ఉండే అవకాశం ఉంది. వారంటీ కూడా డ్రైవ్‌కే, అందులోని తాబేలుకు కాదు.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఉంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంకో చోట. దీని అవసరం మా ఊరికి 2024 సెప్టెంబరులో తెలిసింది. బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అక్కడ పెళ్ళి వీడియోలు చేసే మిత్రుడి స్టూడియో కింది అంతస్తులో ఉండేది. బీరువా నిండా హార్డ్ డిస్క్‌లు, ఒక్కోదాని మీద పెళ్ళివారి ఇంటిపేరు, తేదీ. నీళ్ళు తీశాక ఆ బీరువా తలుపు తెరవడానికి గడ్డపార కావలసి వచ్చింది. బురద కడిగి, వరుసగా పాత చీర మీద పరిచి ఆరబెట్టాడు. అతనికి మిగిలినవి తెనాలిలో మామగారింట్లో అటక మీద ఉన్న పాత డిస్క్‌లోని పెళ్ళిళ్ళే. అవి కూడా అక్కడికి చేరింది ముందుచూపుతో కాదు. ఇక్కడ చోటు చాలక.

ప్రయాణంలో నేను చేసేది ఇది. పడవలో కార్డులు తప్ప ఏమీ ఉండవు. సాయంత్రం స్నానం చేసి, చేతులు పొడి తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడే డబ్బా తెరుస్తాను. వంటింట్లో పప్పులు పోసుకునే, బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అది. అడుగున సిలికా జెల్ పొట్లాలు. దీవిలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాప్ నిండా చార్జ్ అయ్యాకే కాపీ మొదలుపెడతాను. కార్డు నుంచి మొదటి డ్రైవ్‌కు, అదే కార్డు నుంచి రెండో డ్రైవ్‌కు. మొదటి డ్రైవ్ నుంచి రెండోదానికి కాదు. మొదటి కాపీలో తప్పు జరిగితే ఆ తప్పే రెండోదానికీ పాకుతుంది. టెరాకాపీ వంటి ప్రోగ్రామ్‌లో వెరిఫై ఎంచుకుని కాపీ చేస్తే చివర్లో రెండు వైపులా సరిపోల్చి చూస్తుంది. ఆ సరిపోల్చడానికి మరో పావుగంట పడుతుంది, పట్టనివ్వండి. భోజనం ఆ లోపు అయిపోతుంది. కార్డులను ఇంటికి వచ్చేదాకా ఫార్మాట్ చేయను. నాలుగు కార్డులు అదనంగా కొనుక్కోవడం మూడో ప్రతికి అయ్యే అతి తక్కువ ఖర్చు. తిరుగు ప్రయాణంలో ఒక డ్రైవ్ నా చేతి సంచిలో, రెండోది మా ఆవిడ చేతి సంచిలో. విమానాశ్రయం ఎక్స్-రే వల్ల డ్రైవ్‌లకు ఏమీ కాదు. సామాన్ల పెట్టె విసిరే చేతుల వల్ల కావచ్చు.

ఇంటికి వచ్చాక కూడా ఒక గండం ఉంది: మా ఎండ. మే నెలలో బందరు రోడ్డు మీద నిలిపిన కారులో డ్రైవ్ వదిలేస్తే, దానికి సముద్రంలో కానిది ఇక్కడ కావచ్చు. పనిచేసేటప్పుడు పోర్టబుల్ డ్రైవ్‌లు తట్టుకునే గరిష్ఠ ఉష్ణోగ్రత రకాన్ని బట్టి 35 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటుంది, డబ్బాలోని కాగితంలో రాస్తారు. నీడలోనే 45 డిగ్రీలు చూసే ఊరు మాది. ఎస్‌ఎస్‌డీని ఏళ్ళ తరబడి కరెంటు తగలకుండా మూలన పడేయడమూ మంచిది కాదు. అందులో సమాచారం అంటే చిప్పులో బంధించిన విద్యుదావేశం. అది మెల్లగా కారిపోతుంది, వేడికి మరింత త్వరగా. మామూలు వాడుకకు తయారయ్యే ఎస్‌ఎస్‌డీలకు, చిప్పుల ప్రమాణాలు రూపొందించే జెడెక్ సంస్థ ప్రమాణం కోరేది, పూర్తిగా అరిగిపోయిన స్థితిలో కూడా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు నిలుపుకోవాలని. కొత్త డ్రైవ్ అంతకంటే చాలాకాలం నిలుపుతుంది. అయినా ఏడాదికోసారి తగిలించి, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో చూస్తే పోయేదేమీ లేదు. ఎక్కువ కాలం దాచేది హార్డ్ డిస్క్‌లోకి మార్చేస్తాను. పడవ మీద పనికిరాదని చెప్పిన ఆ పళ్ళెమే ఇక్కడ చవక, నమ్మకం.

కార్డులు ఖాళీ చేశాక మూడో ప్రతి గుంటూరులో అక్క ఇంట్లో ఉంటుంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు దాన్ని బయటికి తీసి, ఆ ఏడాది ఫొటోలు ఎక్కించి, మళ్ళీ అక్కడే పెట్టి వస్తాను. బ్రాడీపేటలో వాళ్ళది రెండో అంతస్తు. బుడమేరు అంత దూరం రాదు. అక్క దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా దాచింది. మొన్న తీసి ఇస్తూ, “ఇందులో అంత విలువైనవి ఏమున్నాయిరా?” అని అడిగింది. చేపలు అన్నాను. శాకాహారి అయిన మా అక్క ఒక్క క్షణం ఆగి, ఆ డ్రైవ్‌ను చీరల మధ్య నుంచి తీసి బావగారి చొక్కాల అరలోకి మార్చింది.